వెబ్‌సైట్‌లో సరుక్కీ చీటీ కట్టాలి

సొంత వెబ్‌సైట్‌లో మామిడి అమ్మే రైతులు పేజీలో ధర రాస్తే చాలనుకుంటారు. కానీ అక్కడున్న ‘600’ అనే అంకె ధరో, బరువో గూగుల్ యంత్రం ఊహించుకోవాల్సి వస్తుంది. యార్డులో బస్తాకు చీటీ కట్టినట్టే, పేజీకీ యంత్రం చదివే చీటీ కట్టాలి. దీన్నే స్ట్రక్చర్డ్ డేటా అంటారు.

ఏమేం రాయాలి?
ఈ చీటీలో వాడే పదాల పట్టికను గూగుల్, బింగ్, యాహూ కలిసి 2011లో స్కీమా డాట్ ఆర్గ్ పేరుతో తెచ్చాయి. రాయడానికి జేసన్-ఎల్‌డీ పద్ధతి తేలిక. ‘ప్రోడక్ట్’ కింద సరుకు పేరు (బంగినపల్లి, 5 కిలోల పెట్టె), ఫొటో ఇవ్వాలి. ‘ఆఫర్’ కింద ధర, కరెన్సీ (ఐఎన్ఆర్), సరుకు ఉన్నదీ లేనిదీ తెలపాలి. ధర దగ్గర అంకెలే వేయాలి. రూపాయి గుర్తు, కామా పెట్టరాదు.

వూకామర్స్ వంటి రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ అయితే చీటీని చాలావరకు తానే కడుతుంది. రెండోది కట్టే ముందు చూసుకోండి.

జాగ్రత్తలు
* పేజీలో ధర, చీటీలో ధర ఒక్కటే ఉండాలి. ఒకటి మారిస్తే రెండోదీ మార్చాలి.
* కాపు అయిపోగానే ‘అవుట్ ఆఫ్ స్టాక్’ అని మార్చాలి. లేని సరుకు కోసం వచ్చి వెనుదిరిగినవారు మళ్లీ నమ్మరు.
* దొంగ మెచ్చుకోళ్లు, నక్షత్రాలు పెట్టొద్దు. గూగుల్ పట్టుకుంటే వెతుకులాటలో ధర, నక్షత్రాలు చూపడం మానేస్తుంది.

గూగుల్ వారి ‘రిచ్ రిజల్ట్స్ టెస్ట్’లో పేజీ చిరునామా ఇస్తే తప్పులు ఉచితంగా తెలుస్తాయి. చీటీ కడితే పైవరుసలో చూపిస్తారన్న హామీ లేదు. అయినా ధర, నిల్వ ముందే చూసి వచ్చేవారిలో కొనే ఉద్దేశం ఉన్నవారే ఎక్కువ. కోతకు ముందే ఈ పని ముగించండి.