గోడ మీద గీత, ఫోనులో బొమ్మ

ధవళేశ్వరంలో గోదావరి గట్టుకి ఏటివైపున ఒక పాత ఇల్లు ఉంది. ఆ ఇంటి గోడ మీద మేకుతో గీసిన గీత ఉంది. గీత పక్కన 1986 అని ఉంది. ఆ ఏడు ఆగస్టులో గోదావరికి చాలా పెద్ద వరద వచ్చింది. నీళ్ళు అక్కడిదాకా వచ్చాయని ఆ ఇంటి పెద్దాయన గీత గీశాడు. ఏడు కూడా వేశాడు. ఆయన ఇప్పుడు లేడు. గీత ఉంది.

ఆ ఇంటి కోడలు వయోజన విద్యా కేంద్రంలో చదువు నేర్చుకుంది. అంకెలు బాగా చదువుతుంది. ఆమె కూతుర్ని కోనసీమలో ఒక లంక ఊరికి ఇచ్చారు. కూతురి ఇంట్లో రెండు పాడి గేదెలు ఉన్నాయి.

అది శ్రావణమాసం. గోదారికి ఎర్రనీరు వచ్చింది. పొద్దున్నే కూతురు ఫోను చేసింది.

"అమ్మా, అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేశారంట గదా! ఊళ్ళో అందరి ఫోన్లకీ బొమ్మ వచ్చింది. అంతా కంగారు పడిపోతున్నారు. గేదెల్ని ఇప్పుడే పడవ ఎక్కించేద్దాం అంటున్నారు ఆయన. ఏం చెయ్యమంటావు?"

"కంగారు పడకే. ముందు ఆ బొమ్మ నాకు పంపు."

బొమ్మ వచ్చింది. 17.75 అడుగులు అని ఉంది. అంటే పదిహేడు ముప్పావు. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక. 13.75కి రెండోది. 17.75కి మూడోది. ఇది ఆమెకి తెలుసు. వీధిలోకి వచ్చి ఏటివైపు చూసింది. నీళ్ళు అంత లేవు. పక్కింటి పిల్లని పిలిచింది. ఆ పిల్ల డిగ్రీ చదువుతోంది.

"ఇది నా దగ్గర కూడా ఉంది పిన్నిగారు," అంది ఆ పిల్ల. తన ఫోనులో వెతికి చూపించింది. అదే బొమ్మ. 2022 జులైలో దాచుకుంది. అప్పుడు నిజంగానే మూడో హెచ్చరిక ఇచ్చారు. బ్యారేజి నుంచి 25 లక్షల క్యూసెక్కులకి పైగా నీరు సముద్రంలోకి వదిలారు. బొమ్మ అబద్ధం కాదు. కాని ఈ ఏటిది కాదు.

"మరి తేదీ ఏది?"

"అదే లేదండి. పైన గంట ఒక్కటే ఉంది. ఆరు నలభై అని. ఏ రోజు ఆరు నలభయ్యో ఎవరికి తెలుస్తుంది?"

ఫోను తెర మీద కనిపించేది కాసేపట్లో మారిపోతుంది. నీటిమట్టం గంటగంటకీ మారుతుంది. కేంద్ర జలసంఘం వారు 2023లో ఫ్లడ్ వాచ్ ఇండియా అనే యాప్ తెచ్చారు. అందులో పటం మీద చుక్కలు ఉంటాయి. వరదని బట్టి వాటి రంగు మారుతుంది. ఆకుపచ్చ అయితే మామూలు. ఎరుపు అయితే మహా వరద. నిన్న ఏ రంగు ఉందో ఇవాళ కనపడదు. (ఆ యాప్ మీటర్లలో చెబుతుంది. అడుగుల లెక్కతో కలపకూడదు.) తెర మారకముందే దాన్ని ఉన్నదున్నట్టు ఫొటోగా దాచుకోవచ్చు. దీన్నే స్క్రీన్‌షాట్ అంటారు.

పక్కింటి పిల్ల చేసి చూపించింది. ఫోను పక్కన రెండు మీటలు ఉంటాయి. ఒకటి ఫోను ఆపేది. ఇంకొకటి శబ్దం తగ్గించేది. చాలా ఫోన్లలో ఈ రెండింటినీ ఒక్కసారే నొక్కి వదిలెయ్యాలి. ఒకటి ముందు, ఒకటి వెనక నొక్కితే రాదు. పిన్నిగారికి మూడోసారికి గాని రాలేదు. తెర ఒక్కసారి మెరిసింది. బొమ్మ ఫోనులో ఫొటోలు ఉండే చోటికి వెళ్ళి కూర్చుంది. నెట్ లేకపోయినా అది అక్కడే ఉంటుంది.

ఇంకో ఫోనుతో ఫొటో తీస్తే వెలుగు పడి అంకెలు సరిగా కనపడవు. ఇలా తీస్తే 3 ఏదో 8 ఏదో స్పష్టంగా తెలుస్తుంది. పిన్ నంబరు, ఓటీపీ ఉన్న తెరని మాత్రం ఇలా తీసి ఎవరికీ పంపకూడదు.

తల్లి ఆ రోజు ప్రకటన తెరిచింది. తేదీ, గంట, అడుగులు మూడూ కనిపించేలా తెరని జరిపింది. అప్పుడు నొక్కింది. పొద్దున్న 6 గంటలకి 12.25 అడుగులు. దాన్ని కూతురికి పంపింది. మధ్యాహ్నం ఇంకో బొమ్మ తీసింది. 12 గంటలకి 12.75 అడుగులు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూసింది. కాగితం మీద లెక్క వేసింది. ఆరు గంటల్లో అర అడుగు పెరిగింది. రెండో హెచ్చరికకి ఇంకా ఒక అడుగు ఉంది. ఇలాగే పెరిగితే అర్ధరాత్రికి ఆ ఒక్క అడుగూ వచ్చేస్తుంది. ఒక్క బొమ్మ చూస్తే ఈ సంగతి తెలిసేది కాదు.

వెంటనే కూతురికి ఫోను చేసింది.

"అమ్మాయ్, పొద్దున్నొచ్చిన బొమ్మ పాతది. అయినా నీళ్ళు పెరుగుతున్నాయి. చీకట్లో గేదెల్ని పడవ ఎక్కించడం కష్టం. పొద్దుండగానే దాటించెయ్యమని అల్లుడుగారికి చెప్పు. గడ్డి కూడా పట్టుకెళ్ళండి. అధికారులు ముందే రమ్మంటే ముందే వెళ్ళిపోండి."

"అలాగేనమ్మా. నువ్వు పంపిన రెండు బొమ్మలూ ఊళ్ళో అందరికీ చూపిస్తాను."

"తేదీ చూపించు. అంకె తర్వాత చూపిద్దువుగాని."

సాయంత్రం అయిదింటికి రెండు గేదెలూ గట్టెక్కాయి.

లెక్క చెయ్యండి:
ఒక బొమ్మలో ఉదయం 8 గంటలకి 11.75 అడుగులు అని ఉంది. అదే రోజు తేదీతో ఇంకో బొమ్మలో మధ్యాహ్నం 12 గంటలకి 12.25 అడుగులు అని ఉంది. ఎన్ని గంటల్లో ఎంత పెరిగింది? ఇలాగే పెరిగితే రెండో హెచ్చరిక ఎన్ని గంటలకి రావచ్చు?