న్యూట్ చర్మం

అమెరికా పశ్చిమ తీరపు వాగుల నుండి పిల్లలు పట్టి తెచ్చే "బల్లి" ఒక్కొక్కప్పుడు న్యూట్ అనే ఉభయచరం. బల్లికి పొలుసులు, గోళ్ళు ఉంటాయి. న్యూట్‌కు రెండూ లేవు. గోధుమవర్ణపు గరుకు వీపు, నారింజరంగు ఉదరం కనిపిస్తే జాగ్రత్త! దాని చర్మంలో నాడులను స్తంభింపజేసే టెట్రోడోటాక్సిన్ ఉంటుంది. 1979లో ఆరెగాన్‌లో ఒక యువకుడు అటువంటి న్యూట్‌ను మింగి మరణించాడు. ముట్టినంత మాత్రాన భయం లేదు. పిల్లల చేతులు సబ్బుతో కడిగించి, ప్రాణిని పట్టిన చోటనే విడిచి రమ్మనండి.

దుకాణంలో కొన్న న్యూట్‌కైతే మన వల్లనే ప్రమాదం. పొలుసులు లేని ఆ చర్మం నీటిలోని రసాయనాలను నేరుగా పీల్చుకుంటుంది. కుళాయి నీటిని తెరచి ఉంచితే క్లోరిన్ పోతుంది గాని, అనేక నగరాలలో కలిపే క్లోరమిన్ అంత సులభంగా పోదు (మా రసాయనికులే దీనిని మరుస్తుంటారు). దానిని విరిచే ద్రావణం తప్పక కలపాలి. నీరు 20 డిగ్రీల సెల్సియస్ మించరాదు. హీటరు చెంత తొట్టి పెట్టకండి.