తలకు గాయం.. నిద్రకు దూరం

రోడ్డు ప్రమాదంలో తలకు గాయమైనవారిలో చాలామందికి పైగాయం మానినా నిద్ర గాడిన పడదు. కొందరికి రాత్రి కునుకు పట్టదు, మరికొందరిని పగలంతా మత్తు వదలదు. ఇంట్లోవాళ్లు దీన్ని బద్ధకం అనుకోవడం అన్యాయం. కారణం మెదడులోనే ఉంది.

మెలకువను నిలిపి ఉంచే న్యూరోపెప్టైడ్ ఒరెక్సిన్. దీనికే హైపోక్రెటిన్ అని మరో పేరు. 1998లో కనుగొన్నారు. ఇది హైపోథాలమస్‌లోని నాడీకణాల్లో తయారవుతుంది. తలకు బలమైన దెబ్బ తగిలిన తొలి రోజుల్లో చాలామందిలో మస్తిష్క మేరుద్రవంలో దీని స్థాయి పడిపోతుంది. పగటి మత్తుకు ఇదొక కారణమని భావిస్తున్నారు. నార్కోలెప్సీ టైప్-1 వ్యాధిలోనూ లోపించేది ఇదే కాబట్టి రెండింటినీ కలిపి గుర్తుంచుకోండి. రాత్రి వేళ నిద్రకు తోడ్పడే మెలటోనిన్‌ను స్రవించేది పీనియల్ గ్రంథి.

గాయం తీవ్రతకు కొలమానం గ్లాస్గో కోమా స్కేల్. దీన్ని 1974లో టీస్‌డేల్, జెన్నెట్ రూపొందించారు. కళ్లు తెరవడం, మాట, కదలికలను బట్టి స్కోరు ఇస్తారు. గరిష్ఠం 15, కనిష్ఠం 3. సున్నా అని పొరబడవద్దు. 13-15 స్వల్పం, 9-12 మధ్యస్థం, 8 లేదా అంతకంటే తక్కువైతే తీవ్రం.

నిద్రలో మెదడు తరంగాలు, శ్వాస, కండరాల కదలికలను నమోదు చేసే పరీక్ష పాలీసామ్నోగ్రఫీ. దీర్ఘకాలిక నిద్రలేమికి మొదట సూచించేది మాత్రలు కాదు, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ.