రిపోర్ట్ కొట్టాక ఏం జరుగుతుంది?

మనలో రిపోర్ట్ బటన్ నొక్కనివాళ్ళు దాదాపు ఉండరు. ఫేక్ అకౌంట్ కనిపించినా, కామెంట్లలో ఎవడో బూతులు తిట్టినా ముందు చేసేది అదే. గ్రూప్‌లో లింక్ పెట్టి "అందరూ రిపోర్ట్ కొట్టండ్రా" అంటాం. యాభై మంది కొడతారు. రెండు రోజులకి "ఇది మా నియమాలకు విరుద్ధంగా లేదు" అని జవాబు వస్తుంది. "ఈ కంపెనీలన్నీ ఇంతే" అనుకుని వదిలేస్తాం.

కంపెనీల తప్పేమీ లేదని చెప్పడానికి కాదు ఈ వ్యాసం. ఆ బటన్ వెనక ఏముంది, అది ఏది చూడగలదు, ఏది చూడలేదు, చట్టం మనకి ఏ దారి ఇచ్చింది అనేవి నేను చదివి అర్థం చేసుకున్నంత వరకు చెబుతాను. సీఎస్ఈ కాని ఫ్రెండ్స్ కూడా భయపడక్కర్లేదు, లెక్క ఒక్కటే ఉంది, అది కూడా శాతాల లెక్కే.

ముందు చూసేది మెషీన్

పెద్ద ప్లాట్‌ఫామ్‌లలో రోజుకి వచ్చే పోస్టులన్నీ మనుషులు కూర్చుని చదవడం కుదరదు. అందుకే ముందు క్లాసిఫయర్ అనే ప్రోగ్రామ్ చూస్తుంది. అది పోస్ట్‌కి ఒక స్కోర్ ఇస్తుంది. స్కోర్ ఒక గీత దాటితే పోస్ట్ తీసేస్తారు, లేదా మనిషి దగ్గరికి పంపిస్తారు. దాటకపోతే పోస్ట్ అలాగే ఉంటుంది. ఆ గీత ఎక్కడ గీయాలన్నదే అసలు సమస్య.

ఒక ఊహాలెక్క చేద్దాం. 10 లక్షల పోస్టులున్నాయి. అందులో వెయ్యికి ఒకటి చొప్పున 1,000 పోస్టులు నిజంగా వేధింపులు. మన క్లాసిఫయర్ 99 శాతం కరెక్ట్ అనుకుందాం. వెయ్యి చెడ్డ పోస్టుల్లో 990 పట్టుకుంటుంది, సూపర్. కానీ మిగిలిన 9,99,000 మంచి పోస్టుల్లో 1 శాతం, అంటే 9,990 పోస్టుల్ని కూడా తప్పుగా పట్టుకుంటుంది. మొత్తం పట్టుకున్నవి 10,980. వాటిలో నిజంగా చెడ్డవి 990. అంటే పట్టుకున్న ప్రతి వందలో దాదాపు 91 తప్పు!

99 శాతం మార్కులు తెచ్చుకున్న మెషీన్ పరిస్థితే ఇది. చెడ్డవి అరుదుగా ఉన్నప్పుడు ఇలాగే అవుతుంది. మెషీన్ లెర్నింగ్ క్లాసులో ప్రెసిషన్, రీకాల్ అని బట్టీ పట్టేది దీని గురించే. చేపల వల లాంటిది. కళ్ళు చిన్నవైతే చెత్త కూడా వచ్చేస్తుంది, పెద్దవైతే చేపలు జారిపోతాయి. అమాయకుల పోస్టులు తీసేస్తున్నారని గోల వస్తే కంపెనీ గీతని పైకి జరుపుతుంది. అప్పుడు నిజమైన వేధింపులు కొన్ని కింద నుంచి జారిపోతాయి.

యాభై మంది కొట్టినంత మాత్రాన ఫలితం మారదు. ఒక పోస్ట్‌ని ఎన్నిసార్లు రిపోర్ట్ చేశారన్నదాన్ని బట్టి తీసివేత ఉండదని ఫేస్‌బుక్ తన సహాయ పేజీల్లోనే చెప్పింది. ఆలోచిస్తే అది న్యాయమే. లేకపోతే ఏ ఫ్యాన్స్ గ్రూప్ అయినా కలిసికట్టుగా కొట్టి ఎవరి నోరైనా మూయించేది.

తెలుగు బెదిరింపు, మెషీన్ చెవి

ఇప్పుడు మన భాష దగ్గరికి వద్దాం. "చెప్పు" అనే మాట తీసుకోండి. "విషయం చెప్పు" అంటే మామూలు మాట. "చెప్పు తెగుద్ది" అంటే బెదిరింపు. రెండో దాన్ని ఇంగ్లీషులోకి మాటకి మాట మారిస్తే ఎవరిదో చెప్పు పాడైపోయిందని వస్తుంది. అందులో ఏ క్లాసిఫయర్‌కి ప్రమాదం కనిపిస్తుంది?

మరో రెండు వాక్యాలు చూడండి.

"ఒరేయ్, రికార్డు ఇవ్వకపోతే చంపేస్తా."
"మీ ఇల్లు ఎక్కడో నాకు తెలుసు."

మొదటిది హాస్టల్లో రోజుకి పదిసార్లు వినిపిస్తుంది, ఎవరూ పోలీసుల దగ్గరికి వెళ్ళరు. రెండో దాంట్లో ఒక్క చెడ్డ మాట కూడా లేదు. కానీ ముక్కూ మొహం తెలియని అకౌంట్ నుంచి రాత్రి పన్నెండుకి ఒక అమ్మాయికి అది వస్తే ఆమెకి నిద్ర పట్టదు. మెషీన్ మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తే ఆశ్చర్యం లేదు. దానికి మాట కనిపిస్తుంది, మాట వెనక ఉన్న సంబంధం కనిపించదు. దీనికి తోడు మనం తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తాం. ఒకే మాటకి ఎవరి స్పెల్లింగ్ వాళ్ళది.

భాషల విషయంలో కంపెనీల శ్రద్ధ ఎంతో 2021లో కొంత బయటపడింది. ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ లోపలి పత్రాలు బయటపెట్టి, అమెరికా నియంత్రణ సంస్థకి ఫిర్యాదు చేసింది. హిందీ, బెంగాలీ క్లాసిఫయర్లు లేకపోవడం వల్ల ఆ భాషల్లోని ద్వేషపు పోస్టులు చాలావరకు పట్టుబడటం లేదని అందులో ఉంది. 2018 నుంచి ఒక్కొక్కటిగా పెడుతూ వచ్చామని కంపెనీ జవాబిచ్చింది. అంతమంది మాట్లాడే హిందీకే ఇంత చర్చ జరిగితే, తెలుగు వంతు ఎక్కడుంటుందో ఊహించుకోండి.

ఒక కేసు

మా బ్యాచ్‌లో ఒకమ్మాయికి జరిగింది, తన అనుమతితోనే రాస్తున్నా. ఎవరో తన ఫొటో, పేరు పెట్టి అకౌంట్ తెరిచి క్లాస్‌లో అబ్బాయిలకి మెసేజ్‌లు పంపారు. ఫ్రెండ్స్ అందరూ రిపోర్ట్ కొట్టారు. తొందరలో చాలామంది నొక్కింది మొదట కనిపించిన స్పామ్ ఆప్షన్. అకౌంట్ స్పామ్ పంపడం లేదు కాబట్టి జవాబు "విరుద్ధంగా లేదు" అనే వచ్చింది. వేసిన ప్రశ్నకి మెషీన్ జవాబు సరైనదే, కానీ ప్రశ్నే వేరు.

ఈలోగా ఆ లింక్ పది గ్రూపుల్లో తిరిగింది. ముందు ఇరవై మంది చూసిన అకౌంట్‌ని తర్వాత కాలేజీ మొత్తం చూసింది. తను మూడు రోజులు క్లాసుకి రాలేదు. చివరికి వాళ్ళ అక్క కూర్చుని, తన తరఫున ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి నేరుగా ఫిర్యాదు రాసింది. ఫలానా నియమం కింద ఫలానా కారణం అని స్పష్టంగా పెట్టింది. మర్నాటికి అకౌంట్ పోయింది. అంతమంది నొక్కిన బటన్ చేయని పని ఒక్క ఉత్తరం చేసింది. ఆ నియమం ఏమిటో చూద్దాం.

చట్టం ఇచ్చిన దారి

ఐటీ చట్టంలోని సెక్షన్ 79 ప్రకారం, యూజర్లు పెట్టినదానికి ప్లాట్‌ఫామ్‌ని నేరుగా బాధ్యుణ్ణి చేయరు. కానీ దానికి షరతులున్నాయి. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, కోర్టు ఆర్డరో ప్రభుత్వ నోటీసో వస్తేనే ప్లాట్‌ఫామ్‌కి "తెలిసినట్టు" లెక్క అంది. అదే తీర్పులో సెక్షన్ 66ఎ ని కొట్టేసింది. ఒక ఫేస్‌బుక్ పోస్ట్ పెట్టినందుకు మహారాష్ట్రలో ఇద్దరమ్మాయిలని అరెస్టు చేసిన సెక్షన్ అది. "ఎవరు ఏది చెప్పినా వెంటనే తీసెయ్" అని చట్టం రాయడం ఎందుకు ప్రమాదమో ఆ కేసు చూస్తే తెలుస్తుంది.

2021 ఐటీ నియమాలు ఇంకో మెట్టు కట్టాయి. ప్రతి ప్లాట్‌ఫామ్‌కి గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. 50 లక్షలకు పైగా యూజర్లున్న సోషల్ మీడియా సంస్థలైతే ఆ అధికారి భారతదేశంలోనే ఉండాలి. మనకి ముఖ్యమైనది రూల్ 3(2)(బి). నగ్నంగా ఉన్న ఫొటోలు, వీడియోలే కాదు, మార్ఫింగ్ చేసిన ఫొటోలు, ఇంకొకరి పేరుతో నటించడం కూడా దీని కిందికి వస్తాయి. బాధితులు గానీ వాళ్ళ తరఫున ఇంకొకరు గానీ ఫిర్యాదు చేయొచ్చు. నియమాలు వచ్చినప్పుడు తీసివేతకి పెట్టిన గడువు 24 గంటలు. సవరణలు వస్తూనే ఉంటాయి కాబట్టి రాసే ముందు ఇప్పటి గడువు ఓసారి చూసుకోండి.

జవాబు నచ్చకపోతే పైన అప్పీల్ కూడా ఉంది. 2022 సవరణతో కేంద్ర ప్రభుత్వం గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీలు పెట్టింది. 30 రోజుల్లోపు ఆన్‌లైన్‌లోనే అప్పీల్ చేసుకోవచ్చు.

ఫొటో ఇవ్వకుండానే ఫొటోని ఆపడం

టెక్నాలజీ నిజంగా అందంగా పనిచేసే చోటు ఒకటుంది. ఎవరైనా "నీ ఫొటోలు పెట్టేస్తా" అని బెదిరిస్తున్నారు, ఇంకా పెట్టలేదు. ముందే ఆపాలంటే ఆ ఫొటో కంపెనీకి పంపాలా? ఎవరు పంపుతారు?

దీనికి సమాధానం హాష్. మనం చదివే ఎస్‌హెచ్‌ఎ-256 లాంటి హాష్ ఇక్కడ పనికిరాదు. ఒక్క పిక్సెల్ మారినా మొత్తం మారిపోతుంది. ఇక్కడ వాడేది పర్సెప్చువల్ హాష్. సింపుల్ పద్ధతి ఒకటి చెప్తా. ఫొటోని 9 నిలువు, 8 అడ్డ వరుసల బూడిదరంగు గళ్ళుగా కుదించండి. ప్రతి గడినీ కుడిపక్క గడితో పోల్చి, ముదురుగా ఉంటే 1, లేకపోతే 0 రాయండి. వరుసకి 8 చొప్పున 64 బిట్లు వస్తాయి. ఫొటో సైజు తగ్గించినా, కాస్త మసకబార్చినా చాలా బిట్లు అలాగే ఉంటాయి. పిండితో వేసినా, రంగులతో వేసినా, కాస్త చెరిగినా అది ఏ ముగ్గో అమ్మ గుర్తుపట్టినట్టు. 2019లో ఫేస్‌బుక్ అందరికీ ఇచ్చిన పీడీక్యూ పద్ధతిలో 256 బిట్లుంటాయి.

2021 డిసెంబర్‌లో మొదలైన స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఇలాంటి హాష్‌లతోనే నడుస్తుంది. మీ ఫోన్‌లోనే హాష్ తయారవుతుంది, ఫొటో ఫోన్ దాటదు. హాష్ మాత్రం ఈ సేవలో చేరిన ప్లాట్‌ఫామ్‌లకి వెళ్తుంది. అలాంటి ఫొటోని ఎవరైనా అక్కడ పెట్టబోతే పట్టుబడుతుంది. ఇది 18 ఏళ్ళు దాటినవాళ్ళకి. అంతకన్నా చిన్నవాళ్ళప్పటి ఫొటోలకి టేక్ ఇట్ డౌన్ అనే సేవ ఉంది. పరిమితి ఏంటంటే, ఇందులో చేరని సైట్లలో ఇది పనిచేయదు. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న చాట్‌లలో ఏం తిరుగుతోందో దీనికి కనిపించదు.

డేటా దగ్గరే మొదలు

వేధించేవాడికి ముందు కావాల్సింది మన వివరాలు. నంబర్, ఫొటో, సెక్షన్, బస్ రూట్. అవి మనం ఇవ్వకపోయినా బయటికి పోతాయి. 2018 నాటి కేంబ్రిడ్జ్ అనలిటికా కేసు గుర్తుందిగా. అప్పట్లో ఫేస్‌బుక్ చెప్పిన లెక్క ప్రకారం, ఆ క్విజ్ యాప్‌ని మన దేశంలో ఇన్‌స్టాల్ చేసుకున్నది 335 మంది. డేటా పోయి ఉండే అవకాశం ఉన్నవాళ్ళు 5,62,455 మంది. మిగతావాళ్ళంతా చేసిన పాపం వాళ్ళకి ఫ్రెండ్స్‌గా ఉండటమే.

అంత పెద్ద కేసు దాకా ఎందుకు? ఫెస్ట్ రిజిస్ట్రేషన్ షీట్ లింక్ ఉన్న ఎవరికైనా తెరుచుకుంటే, మూడొందల మంది అమ్మాయిల నంబర్లు బజార్లో పెట్టినట్టే. ఏ పని కోసం తీసుకున్న డేటా ఆ పనికే వాడాలి, పని అయ్యాక తీసేయాలి అన్నది 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలోని ముఖ్య సూత్రాల్లో ఒకటి. మన క్లబ్బులు కూడా ఇది అలవాటు చేసుకోవాలి.

ఫిర్యాదు ఎలా రాయాలి

మొత్తం సారం ఇదే. మెషీన్‌కి కనిపించనిది సందర్భం. ఆ సందర్భం తెలిసింది బాధితులకి, పక్కనున్న మనకి. కాబట్టి ఫిర్యాదులో అది మనమే రాసివ్వాలి.

1. ముందు సాక్ష్యం. తేదీ, టైమ్, యూజర్‌నేమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్, ప్రొఫైల్ లింక్ దాచుకోండి. కోపంలో చాట్ డిలీట్ చేయొద్దు.
2. కేటగిరీ సరిగ్గా ఎంచుకోండి. ఫేక్ అకౌంట్ అయితే "ఇంకొకరిలా నటించడం", స్పామ్ కాదు.
3. గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాసేటప్పుడు రూల్ నంబర్ పెట్టండి. ఫిర్యాదు నంబర్ రాసి ఉంచుకోండి.
4. తెలుగు మాటకి అర్థం విడమర్చి రాయండి. ఇలా: "ఈ మెసేజ్‌లో తిట్టు లేదు. కానీ పంపినవాడు నాకు తెలియదు. నేను ఏ బస్ ఎక్కుతానో మూడు రోజులుగా రాస్తున్నాడు. ఆ తర్వాత 'మీ ఇల్లు తెలుసు' అన్నాడు. మా భాషలో, ఈ సందర్భంలో, ఇది బెదిరింపు."
5. లింక్‌ని గ్రూపుల్లో తిప్పొద్దు. అసభ్యమైన ఫొటోలు, వీడియోలైతే సాక్ష్యం పేరుతో కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు, పంపడమే సెక్షన్ 67ఎ కింద నేరం కావచ్చు.
6. బెదిరింపు, బ్లాక్‌మెయిల్ ఉంటే ప్లాట్‌ఫామ్‌తో ఆగొద్దు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి, డబ్బు పోయి ఉంటే వెంటనే 1930. ప్రాణభయం ఉంటే 112. తెలంగాణలో షీ టీమ్స్ ఉన్నాయి. జీరో ఎఫ్ఐఆర్ ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు.

అబ్బాయిలకి ఒక మాట. భారతీయ న్యాయ సంహితలో వెంటపడి వేధించడం గురించిన సెక్షన్ 78 ఆడవాళ్ళ రక్షణకే. కానీ బెదిరింపుల సెక్షన్ 351 అందరికీ వర్తిస్తుంది, పేరు దాచుకుని బెదిరిస్తే దాంట్లోనే అదనపు శిక్ష ఉంది. వీడియో కాల్ రికార్డ్ చేసి డబ్బులడిగే గ్యాంగ్‌లు అబ్బాయిల్ని కూడా పట్టుకుంటాయి. పరువు పోతుందని నోరు మూసుకుని డబ్బు కట్టొద్దు. కట్టినవాణ్ణి మళ్ళీ అడుగుతారు.

చివరిగా, మన క్లబ్‌కి ఒక ప్రతిపాదన. కవితకి అర్థం చెప్పగలిగినవాళ్ళం బెదిరింపుకి కూడా అర్థం రాసి పెట్టగలం. ఎవరికైనా ఫిర్యాదులో తెలుగు మాటల్ని ఇంగ్లీషులో విడమర్చి రాయాల్సి వస్తే మన దగ్గరికి రావొచ్చని నోటీస్ బోర్డులో పెడదాం. పేరు బయటికి రానివ్వకుండా, స్క్రీన్‌షాట్ మన ఫోన్లలో దాచుకోకుండా ఆ పని చేయడానికి ఇద్దరం ముగ్గురం చాలు. నేను రెడీ. ఇంకెవరు వస్తారో వచ్చే మీటింగ్‌లో చెప్పండి.