ఇల్లు దాటిన చదువు

పాఠశాల యనగా నేమి? నాలుగు గోడలు, నల్లబల్ల, వరుసగా వేసిన బల్లలు, పాఠము చెప్పు ఉపాధ్యాయుడు - ఇంతమాత్రమే పాఠశాల యని కొందఱు తలంతురు. కాని గంట మ్రోగకమునుపే ఆవరణలో గుమిగూడి చెప్పుకొను ముచ్చట్లు, మధ్యాహ్నమున ఒకరి గిన్నెలోని కూర మఱియొకరు పంచుకొనుట, పరీక్షకు ముందు ఒకరి కొకరు పద్యములు అప్పజెప్పుకొనుట, ఆటలలోని గెలుపోటములు, అలుకలు, రాజీలు - ఇవన్నియు గూడ పాఠశాలయే. పుస్తకము మనకు విద్య నిచ్చును. తోడివారు మనకు లోకము నిత్తురు. ఈ రెండింటిలో ఏది లోపించినను చదువు సగమే యగును.

అంగవైకల్యముగల బాలబాలికలకు ఈ రెండును సులభముగా లభింపలేదు. చూపు లేనివారికి అచ్చుపుస్తకము మూసిన తలుపు వంటిది. వినికిడి లేనివారికి ఉపాధ్యాయుని పలుకు అందదు. నడువలేనివారికి పాఠశాల మెట్లే ఒక కొండయై నిలుచును. ఈ యడ్డంకులను దాటుటకు మనుష్యులు కనిపెట్టిన సాధనముల కథ ఇంచుమించు రెండువందల యేండ్లుగా నడచుచున్నది. నేడు మనము ఇంట కూర్చుండి వినుచున్న అంతర్జాల తరగతి ఆ కథలో ఒక ఘట్టము మాత్రమే. ఆ కథను మొదటినుండి తెలిసికొన్నచో, నేటి సాధనము లెట్లు వాడవలెనో మనకు బోధపడును.

పారిసు నగరమునకు సమీపమున కూవ్రే యను చిన్న యూరిలో 1809వ సంవత్సరము జనవరి 4వ తేదీన లూయీ బ్రెయిలీ జన్మించెను. తండ్రి గుఱ్ఱములకు జీనులు కుట్టి జీవించువాడు. మూడేండ్ల పసివాడు తండ్రి పనిముట్లతో ఆడుకొనుచుండగా తోలు గ్రుచ్చు ఆరె కంటిలో దిగెను. ఆ గాయపు దోషము రెండవ కంటికిని ప్రాకి, అయిదేండ్లు నిండునప్పటికి బాలుని చూపు పూర్తిగా పోయెను. 1819లో అతడు పారిసులోని అంధుల పాఠశాలలో చేరెను. అచ్చటి పుస్తకములలో మామూలు అక్షరములనే ఉబ్బెత్తుగా అచ్చువేసెడివారు. ఆ పుస్తకములు మిక్కిలి పెద్దవి, బరువైనవి. ఒక్కొక్క యక్షరమును వ్రేళ్లతో తడిమి తెలిసికొనునప్పటికి వాక్యపు మొదలు మఱపు వచ్చెడిది. అన్నిటికంటె పెద్ద లోపము వేఱొకటి యున్నది. ఆ పద్ధతిలో విద్యార్థులు చదువగలిగిరే కాని తమంతట తాము వ్రాయలేకపోయిరి.

షార్లు బార్బియే యను సేనాధికారి, చీకటిలో చేతితో తడిమి చదువుటకు వీలగు చుక్కల లిపి యొకటి కల్పించియుండెను. అందు ఒక్కొక్క గుర్తునకు పండ్రెండు చుక్కల వఱకు ఉండుటచే అది వ్రేలికొన క్రింద ఒక్కసారిగా ఇమిడెడిది కాదు. బాలుడగు బ్రెయిలీ దానిని ఆఱు చుక్కలకు కుదించెను. 1824లో, పదునైదేండ్ల వయస్సుననే, ఆ లిపికి ముఖ్యరూపము ఏర్పడెను. 1829లో దానిని వివరించు పుస్తకము వెలువడెను. తోడి విద్యార్థులు ఆ లిపిని మహానందముతో స్వీకరించిరి. పాఠములు వ్రాసికొనుటకే గాక, ఒకరికొకరు జాబులు వ్రాసికొనుటకు గూడ అది వారికి ఉపకరించెను.

కాని 1840లో ఆ పాఠశాలకు క్రొత్తగా వచ్చిన అధిపతి ఆ చుక్కల లిపిని నిషేధించెను. చూపుగలవారికి తెలియని లిపి అంధులను లోకమునుండి వేఱుచేయునని అట్టివారి వాదము. విద్యార్థులు మాత్రము దానిని విడిచిపెట్టలేదు. రహస్యముగా వ్రాసికొనుచు, క్రొత్తగా చేరినవారికి నేర్పుచు నిలుపుకొనిరి. చివరకు 1844లో పాఠశాల నూతన భవన ప్రారంభోత్సవమున ఆ లిపి శక్తిని జనులందఱి యెదుట ప్రదర్శించిరి. బ్రెయిలీ 1852లో క్షయవ్యాధిచే మరణించెను. ఫ్రాన్సు ప్రభుత్వము 1854లో ఆ లిపిని గుర్తించెను. కనుక దానిని కల్పించినవాడు ఒక విద్యార్థి. కాపాడినవారు అతని తోడి విద్యార్థులు. మన దేశమున 1951లో భారతీ బ్రెయిలీ ఏర్పడినది. తెలుగులో 'క' యను అక్షరమునకు ఏ చుక్కలో, హిందీలోని 'క'కును అవియే చుక్కలు.

ఇక బధిరుల కథ వినుడు. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండరు గ్రాహం బెల్లు వృత్తిచేత బధిరులకు ఉపాధ్యాయుడు. అతని తల్లికి వినికిడి చాల తక్కువ. భార్య మేబెల్ బాల్యముననే జ్వరము వలన వినికిడి కోల్పోయి, ఆ పిమ్మట అతనియొద్ద చదువుకొన్నది. అట్టివాడు 1876లో నిర్మించిన యంత్రము లోకమునందలి మనుష్యులను దగ్గఱ చేసెను గాని, బధిరులను మాత్రము మఱింత దూరము చేసెను. వైద్యుని పిలువవలెనన్నను, మిత్రుడు ఇంటనున్నాడో లేడో తెలిసికొనవలెనన్నను ఇతరులు ఇంట కూర్చుండియే పనులు నెఱవేర్చుకొనిరి. బధిరులు కాలినడకన పోయి తలుపు తట్టవలసివచ్చెను. లేదా వినగల యొకరిని బతిమాలవలసివచ్చెను. ఈ యవస్థ ఒక యేడు కాదు, రెండేండ్లు కాదు. ఎనుబదియెనిమిది సంవత్సరములు సాగెను.

దానిని తొలగించినవాడును బధిరుడే. రాబర్టు వైట్‌బ్రెక్టు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున భౌతికశాస్త్రజ్ఞుడు, పుట్టుకతోనే బధిరుడు. తంతి వార్తలను అచ్చువేయు టెలిప్రింటరును టెలిఫోనుతో జతచేయు సాధనమును అతడు నిర్మించెను. ఇచ్చట ఒక యక్షరపు మీట నొక్కినచో అది ధ్వనిగా మాఱి తీగ వెంట పోవును. అచ్చట ఆ ధ్వని మరల అక్షరమై కాగితముపై పడును. 1964లో అతడును, జేమ్సు మార్‌స్టర్సు అను బధిరుడైన దంతవైద్యుడును ఈ సాధనముతో దూరమునుండి ఒకరితో నొకరు సంభాషించిరి. తరువాత బధిరులు కార్యాలయములలో పాతబడి మూలబడిన టెలిప్రింటరులను సేకరించి, మరమ్మతు నేర్చుకొని, తమవారి యిండ్లకు చేర్చిరి. యంత్రము వలన వారికి మాట్లాడుకొనుట దొరకెను. ఆ యంత్రములను బాగుచేసికొనుట యందు వారికి ఒక సంఘమే యేర్పడెను.

నేడు చేతనున్న ఫోనులోనే ఒకరి ముఖము నొకరు చూడవచ్చును. కావున బధిరులు తమ సంజ్ఞాభాషలోనే దూరముననున్నవారితో మాటలాడుకొనుచున్నారు. మన దేశమున భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రము 2015లో ఢిల్లీలో స్థాపితమైనది. అది 2018లో మూడువేల పదములతో సంజ్ఞాభాషా నిఘంటువును వెలువరించెను. 2021 నాటికి ఆ పదముల సంఖ్య పదివేలకు పెరిగినది.

చదువునకు దారి దొరకినట్లే స్నేహమునకును దారి దొరకునా? దీనికి నార్వే దేశపు యువకుని జీవితమొకటి సమాధానము చెప్పుచున్నది. మాట్స్ స్టీన్ 1989లో జన్మించెను. డూషెన్ అను కండరముల వ్యాధి అతనికి పుట్టుకతోనే సంక్రమించెను. ఆ వ్యాధి గలవారి కండరములు ఏటేట బలహీనపడుచు పోవును. బాల్యముననే అతడు చక్రములకుర్చీకి పరిమితుడయ్యెను. పెద్దవాడైనకొలది ఎక్కువకాలము గదిలో కంప్యూటరు ముందే గడపెను. దానిలో అనేకులు కలిసి ఆడు ఒక ఆట కలదు. అందు అతడు 'ఐబెలిన్' అను పేరుగల పాత్రను ధరించి తిరుగుచుండెను. తలిదండ్రులు అది కాలక్షేపమని మాత్రమే యెంచిరి. తమ కుమారునికి మిత్రులు లేరనియు, ఇతరుల జీవితమునకు ఉపయోగపడు భాగ్యము అతనికి కలుగలేదనియు వారు లోలోపల దుఃఖించిరి.

2014 నవంబరులో, ఇరువదియైదేండ్ల వయస్సున, మాట్స్ మరణించెను. అతడు అంతర్జాలమున వ్రాసికొను పుటలో తండ్రి ఆ వార్తను వ్రాసి యుంచెను. వెంటనే ఐరోపాలోని అనేక ప్రదేశములనుండి జాబులు రాసాగెను. వ్రాసినవారిని ఆ తలిదండ్రు లెన్నడును చూచియుండలేదు. చదువు చెడునని తలిదండ్రులు కంప్యూటరు తీసివేయగా దిగులుపడిన నెదర్లాండ్సు బాలిక యొకతె యున్నది. ఆమె స్థితిని వివరించుచు మాట్స్ ఆమె తలిదండ్రులకు లేఖ వ్రాసియుండెను. ఒకరి నొకరు దగ్గఱకు తీసికొనలేని తల్లీకొడుకు లున్నారు. ఆటలోని పాత్రల ద్వారానైనను ఒకరి నొకరు కౌగిలించుకొనుడని వారికి అతడే తోవ చూపెను. అతని ఆటలోని మిత్రులు కొందఱు పరదేశములనుండి వచ్చి అంత్యక్రియలకు హాజరైరి. తన కుమారుడు ఎంతమందికి ఆప్తుడో తండ్రికి ఆనాడు తెలియవచ్చెను. ఈ జీవితమును గుఱించిన చలనచిత్రము 2024లో వెలువడినది.

రాత్రింబవళ్లు ఆటలలో మునుగుట మేలని చెప్పుట ఈ కథకు ఉద్దేశము కాదు. ఆరుబయట పరుగెత్తగల బాలునికి ఆ యాట వినోదము. మాట్స్‌కు అదియొక్కటే వీధి. ఎదుటివాని కుర్చీ కనబడనందున మిత్రులు మొదట అతని మనస్సునే చూచిరి. మనము కూడ కుర్చీని చూచి ఆగిపోకుండ, ప్రక్కనున్న విద్యార్థి మనస్సును చూడగలమా యని యిది మనల నడుగుచున్నది.

ఇప్పుడు మన తెలుగునాటికి వత్తము. 2020 మార్చిలో కోవిడ్ మహమ్మారి వలన దేశమంతట పాఠశాలలు మూతపడెను. తెలంగాణములో ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా పాఠములు చెప్పిరి. ఆంధ్రప్రదేశములో దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠములు ప్రసారమయ్యెను. మెట్లు ఎక్కలేక వెనుకబడిన బాలునికి ఇంటికే వచ్చు పాఠము ఒక విధముగా మేలు. అందఱును తమ తమ యిండ్లలోనే యున్నప్పుడు అతడును వారిలో నొకడు. కాని మఱియొక ప్రక్క చూడుడు. "ఈ పటమును గమనింపుడు" అని మాత్రమే చెప్పి సాగిపోవు పాఠము చూపులేని బాలికకు ఏమి బోధించును? సంజ్ఞలు గాని, తెరపై అక్షరములు గాని లేని ప్రసంగము బధిర బాలునికి ఏమి చేరును? మండలములలోని భవిత కేంద్రములలో చేయించు శరీర వ్యాయామచికిత్సను తెర యెట్లు చేయించగలదు? సాధనము ఒకటే, దానిని నడుపువారి తలంపును బట్టి అది తలుపు కావచ్చును, గోడయు కావచ్చును.

మన చేతిలోని చిన్నపని కూడ ఇట్టిదే. చూపులేనివారికి కంప్యూటరులోని వ్రాతను పైకి చదివి వినిపించు సాధనములు నేడు కలవు. వానిలో 'ఎన్‌వీడీఏ' యనునది 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను అంధ యువకుడు ప్రారంభించినది. జేమ్సు టే అను మఱియొక అంధుడు అతనితో చేతులు కలిపెను. వారిరువురు బాల్యమున ఒక సంగీత శిబిరములో మిత్రులైనవారు. ఆ సాధనమును ఎవరైనను ఉచితముగా పొందవచ్చును. కాని అది చదువవలెనన్నచో వ్రాత అక్షరముల రూపమున ఉండవలెను. మన వ్రాతపుస్తకపు పుటకు ఛాయాచిత్రము తీసి పంపినచో, దానికి అది వట్టి బొమ్మయే. అదే పాఠమును అక్షరములుగా కూర్చి పంపినను, గొంతుతో చదివి పంపినను చూపులేని మిత్రునికి అది పాఠమగును. ఇందులకు ధనము అక్కఱలేదు. పావుగంట కాలము చాలును.

చట్టము తన పని చేసినది. 2016లో చేయబడిన దివ్యాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్‌లో అమలులోనికి వచ్చి, ఇరువదియొక విధముల వైకల్యములను గుర్తించినది. అంధులకు గ్రంథములను సులభముగా అందించు మరాకేషు ఒడంబడికను 2014లో అన్నిటికంటె ముందు ధ్రువీకరించిన దేశము మనదే. 2016లో 'సుగమ్య పుస్తకాలయ' అను అంతర్జాల గ్రంథాలయము వెలసినది. కాని చట్టము పుస్తకము నీయగలదు, మెట్ల ప్రక్కన వాలుబాట వేయించగలదు. మధ్యాహ్న భోజనవేళ ప్రక్కన కూర్చుండి మాటలాడుటకు చట్టమెట్లు రాగలదు? ఆ పని తోటి విద్యార్థులదే.

బాలబాలికలారా! మీ తరగతిలో రాలేక యింటనున్న మిత్రుడున్నచో, పాఠముతోపాటు ఆ నాటి ముచ్చటను గూడ పంపుడు. ఆటలో ఎవరు గెలిచిరో, ఉపాధ్యాయుడు ఏమని నవ్వించెనో చెప్పుడు. అతడు చెప్పునది ఓపికతో వినుడు. సెలవునాడు అతని యింటికి పొండు. అతడు రాగలనాడు అతనికి మీ నడుమ చోటు చూపుడు. నాడు పారిసు పాఠశాలలోని బాలురు నిషేధమును లెక్కచేయక ఒక లిపిని బ్రతికించిరి. ఒక స్నేహమును బ్రతికించుట మీకు అంతకంటె సులభము.

ప్రశ్నలు

1. పాఠశాలయందు చదువుతోపాటు విద్యార్థులకు లభించున దేమి?
2. బ్రెయిలీ లిపి నిషేధింపబడినపుడు విద్యార్థులు దాని నెట్లు నిలుపుకొనిరి?
3. టెలిఫోను బధిరులను ఎట్లు దూరము చేసెను? ఆ కొఱత యెట్లు తీఱెను?
4. మాట్స్ స్టీన్ తలిదండ్రులు ఏమని దుఃఖించిరి? వారికి తరువాత తెలిసిన దేమి?
5. చూపులేని మిత్రునికి మీరు పాఠమును ఏ రూపమున పంపుదురు? ఎందువలన?