లార్స్ ఆన్సాగరు పండితుడు

నీటిలో చిటికెడు ఉప్పు వేసినచో కరగునని చిన్నపిల్లలును ఎఱుగుదురు. ఆ ఉప్పునీటితోనే తన పరిశోధన నారంభించి నోబెల్ బహుమానము నందిన యొక పండితుని చరిత్రము విద్యార్థులకు ఉపయోగించునని తలచి, యిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

లార్స్ ఆన్సాగరు 1903వ సంవత్సరము నవంబరు 27వ తేదీన నార్వే దేశపు ముఖ్యపట్టణమున జన్మించెను. ట్రాన్‌హైమ్ నగరమందలి సాంకేతిక విద్యాలయమున రసాయన ఇంజనీరింగు చదివి 1925లో పట్టభద్రుడయ్యెను. పదార్థముల నడవడిని గణితముచే గ్రహించుటయే ఆయన మార్గము.

ఉప్పు నీటిలో కరగినపుడు ధనవిద్యుత్తు గల కణములుగను, ఋణవిద్యుత్తు గల కణములుగను విడిపోవును. వీనికి అయానులని పేరు. ఉప్పునీటిలో విద్యుత్తును మోయునవి యివియే. ఒక్కొక్క అయాను చుట్టును విరుద్ధ విద్యుత్తు గల అయానులు గుమిగూడి దాని నడక కడ్డు తగులునని 1923లో డిబై, హ్యుకెల్ అను పండితులు సిద్ధాంతము చేసిరి. అయితే వారి లెక్కలో నడచు అయాను తిన్నగా పోవునట్లును, చుట్టునున్నవి మాత్రమే వేడిమిచే ఇటునటు చలించునట్లును భావింపబడెను. ఆ అయానుకూడ తక్కినవానివలెనే చలించునుగదా యని ఆన్సాగరునకు తోచెను. అట్లు లెక్కను సవరింపగా ఫలితము ప్రయోగములకు మఱింత సరిపడెను.

1925లో ఆయన జ్యూరిక్ నగరమునకు పోయి, డిబై ఆచార్యుని దర్శించి, సిద్ధాంతమున తప్పు కలదని చెప్పెను. అప్పటికి ఆయన వయస్సు 21 సంవత్సరములు. ఆచార్యుడు కోపగింపక, కారణమును విని, మఱుసటియేడు ఆ యువకుని తన సహాయకునిగా నియమించెను.

1928లో ఆన్సాగరు అమెరికాకు వెళ్లెను. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున ఆయన బోధన క్రొత్త విద్యార్థులకు అందకపోవుటచే ఆ యుద్యోగము నిలువలేదు. పిమ్మట బ్రౌన్ విశ్వవిద్యాలయమున నుండి 1931లో రెండు గొప్ప వ్యాసములు ప్రకటించెను. రెండు వేర్వేఱు లోహపు తీగెలను రెండుచోట్ల అతికి, ఒక అతుకును వేడిచేసినచో విద్యుత్తు ప్రవహించును. మాఱుగా, ఆ తీగెలలో విద్యుత్తును పంపినచో ఒక అతుకు వేడెక్కి, రెండవది చల్లబడును. ఈ రెండు ఫలితముల కొలతలకును సంబంధము కలదని 1854లోనే విలియం థామ్సను ఊహించెను. ఆన్సాగరు అణువుల చలనధర్మమునుండి దానిని నిరూపించి, ఇతర ప్రవాహములకును ఇట్టి పరస్పరసంబంధములు గలవని చూపెను.

ఈ పరిశోధననే డాక్టరు పట్టమునకై ట్రాన్‌హైమునకు పంపగా, అది చాలదని తిరస్కరింపబడెను. 1933లో, ఆర్థికమాంద్యపు దినములలో, బ్రౌనునందలి యుద్యోగమును పోయెను. అంతట యేల్ విశ్వవిద్యాలయము వారు డాక్టరులకిచ్చు పరిశోధకవేతనము నొసగిరి. ఆయనకు ఆ పట్టము లేదని వారికి తరువాత తెలిసెను! కావున వేఱొక గణితవ్యాసమును వ్రాసి 1935లో పట్టము నందెను. అయస్కాంతములు వేడిమిచే మాఱు విధమును తెలుపు ఒక కఠినమైన లెక్కను 1944లో సాధించెను.

1960లో ట్రాన్‌హైము విద్యాలయమే ఆయనకు గౌరవ డాక్టరు పట్టము నిచ్చెను. మునుపు చాలదనబడిన ఆ పరస్పరసంబంధములకే 1968లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము లభించెను. 1976 అక్టోబరు 5వ తేదీన ఆయన పరమపదించెను.

విద్యార్థులారా! గురువుల మాటయందు సందేహము కలిగినపుడు కారణముతోను, వినయముతోను అడుగుడు. గురువులమైన మేమును డిబై ఆచార్యునివలె వినుటకు నేర్చుకొందుము. ఒక పరీక్షలో తప్పినవాడు విద్యయందే తప్పినవాడు కాడని తల్లిదండ్రులును గ్రహింతురుగాక.