ఇంటికి తెచ్చిన పటము

ధ్యాన భాగములు: ప్రకటన 3:14-22, మత్తయి 25:31-46

ఒక పటముమీద మనసుపడి దానిని ఇంటికి తెచ్చుకొనుట తప్పు కాదు. మేమును అట్లు తెచ్చుకొన్నవారమే. కర్నూలులో పటములు కట్టు అంగడియొద్ద ఒక సాయంకాలము ఆగితిమి. లాంతరు పట్టుకొని, మూసియున్న తలుపును తట్టుచున్న ప్రభువు పటము అక్కడ వ్రేలాడుచుండెను. ఇంటికి పోయినను అది కన్నులలోనుండి పోలేదు. మూడవనాడు వెళ్లి, పండుగ బట్టలకు దాచిన సొమ్మిచ్చి దానిని తెచ్చుకొంటిమి.

దాని మూలచిత్రము పేరు 'లోకమునకు వెలుగు'. హోల్మన్ హంట్ అను ఆంగ్ల చిత్రకారుడు 1853లో దానిని ముగించెను. అది ఆక్స్‌ఫర్డులోని కీబుల్ కళాశాలలో నున్నది. ఆయన తరువాత చిత్రించిన పెద్దది 1905 మొదలు 1907 వరకు కెనడా, ఆస్ట్రేలియా మొదలగు దేశములు తిరిగి, 1908లో లండనులోని సెయింట్ పాల్ కెథీడ్రలు చేరెను. ఆ తలుపు చుట్టు పిచ్చిమొక్కలు మొలచినవి. బయట పిడి లేదు. లోపలివారే తీయవలెను. ఇంటికి వచ్చినవారందరికి మేమీ సంగతి వివరించుచుంటిమి.

2009 యెండకాలమున ఒకనాడు కొళాయి రాలేదు. ప్రక్కయింటి ఆమె బిందెతో వచ్చి తలుపు తట్టెను. మా తొట్టిలో నీళ్లుండెను. అయినను తలుపు తీయక, “మాకే చాలవమ్మా” అని లోపలినుండియే చెప్పితిమి. ఎదుట గోడమీద పటము ఉండనే యుండెను.

ఆ యేడే అక్టోబరు మొదటి దినములలో తుంగభద్ర, హంద్రి పొంగి ఊరిలోనికి వచ్చెను. చీకటిలో మా తలుపు తట్టినది ఆమెయే. “అక్కా, తలుపు తీయండి! నీళ్లొస్తాండాయి, మా మిద్దెమీదికి రండి!” అనెను. అట్లు బ్రదికితిమి. నీరు తీసిన తరువాత చూడగా, పటము ఉబ్బి, రంగులు కలిసి, ముఖము గుర్తింపరాకుండెను. పటములో ఆయనను గుర్తుపట్టిన మేము గుమ్మమునొద్ద గుర్తుపట్టలేదని అప్పుడు తెలిసికొంటిమి. ఆమెయొద్దకు పోయి తప్పు ఒప్పుకొంటిమి.

ప్రభువు తలుపు తట్టుచున్నానని చెప్పినది అన్యులకు కాదు, లవొదికయ సంఘమునకు. ఆ పట్టణమునకును నీరు దూరమునుండి రాతి గొట్టములలో రావలసియుండెను. అయినను సంఘమువారు తమకేమియు కొదువ లేదనుకొనిరి. మత్తయి సువార్తలో ఎడమ ప్రక్కనున్నవారును దప్పిగొన్నవానిని చూచిరి గాని, ఆయన అని ఎరుగరైరి.

మరల పటము కొంటిరా అని అడుగుదురేమో. కొంటిమి. ఈసారి దానిని గడియ ప్రక్కనే తగిలించి, క్రింద నీళ్లబిందె పెట్టితిమి.

ఆలోచించుటకు: ఈ నెల మన తలుపు తట్టినదెవరు? మనము లోపలినుండి ఏమని చెప్పితిమి?